రాకపోవడానికి టికెట్టు

ఖాజాగూడ గుట్ట కింద
ఆదివారం పొద్దున ఆరుంబావు.
పదకొండు మందిమి, పన్నెండు జతల బూట్లు
(ఒకాయన సంచిలో ఇంకో జత తెచ్చుకున్నాడు).
మనిషికి మూడు వందలు.
చీటీలు చింపి ఇస్తున్నది అలకుంట సాయమ్మ.
కుడిచేతికి నాలుగే వేళ్లు.
అయిదోది ఏదని ఎవరూ అడగలేదు,
అందరం చూశాం.

"మెల్లగ నడువుండ్రి బిడ్డా,
రాయి మీకంటె ముసల్ది."
ఎంత ముసలిదో సైన్సు మేష్టారు చెప్పాడు:
రెండు వందల యాభై కోట్ల ఏళ్లు.
సాయమ్మ నవ్వింది.
"నాకు గంత లెక్క రాదు సారూ.
దీన్ని పగలగొట్టనీకి మా ఇంటోల్లకు
పదహారేండ్లు పట్టింది.
ఇగో, ఈడి నుంచి గాడిదాక."

ఆమె చూపిన చోట గుట్ట లేదు.
గాలి ఉంది, గాలి నిండా అద్దాల అంతస్తులు.
పదిహేడు దాకా లెక్కపెట్టాను.
నా బాల్కనీలో నిన్న ఆరేసిన నీలం తువ్వాలు.

నా వంటింటి గట్టు బూడిదరంగు రాయి,
మధ్యలో గులాబీ చార.
అరికాలి కింద అదే చార
తెగిన అంచు దాకా వచ్చి ఆగిపోయింది.
ఆ రాత్రి ఆ గట్టు మీద పిండి పిసకబోతే
చేతులాడలేదని రాస్తే బాగుంటుంది.
ఆడాయి. ఆకలేసింది, పిసికాను.

బండ మీద వరసగా ఉలి బొక్కలు,
ఆమె మామ కొట్టినవి.
మొన్నటి వాన ఇంకా వాటిలోనే ఉంది,
పికిలిపిట్ట ఒకటి వంగి తాగుతోంది.
"బొక్కకు ఆఠాన ఇచ్చేటోల్లు అప్పట్ల.
ఇప్పుడు గీ బొక్కలే చూపెడితె
మనిషికి నూటయాభై నాకు."
"మిగతా నూటయాభై?" బూట్లాయన.
"గుట్టకు."
"గుట్టేం చేసుకుంటుంది?"
"కావలి పెట్టుకుంటది.
రాత్రి లారీ సప్పుడైతె మా పోరడు బస్తీని లేపుతడు."

దారి మలుపులో పెద్ద బోర్డు:
ప్రకృతి ఒడిలో విల్లాలు.
బోర్డు మీద నెమలి పురి విప్పింది.
బోర్డు వెనక నెమలి
చిప్స్ కవరును పొడుచుకుంటోంది.

అక్కడే ఆగింది సాయమ్మ.
నాలుగు వేళ్లూ గాలిలోకి లేచాయి.
రెండు బండల సందులో, నీడకంటే కొంచెం నల్లగా,
రెండు నారింజ కళ్లు.
గుడ్లగూబ. పొదుగుతోంది.

కెమెరాలు ముగ్గురి మెడల్లో కదిలాయి.
"ఇంకో పదడుగులే కదమ్మా, డబ్బులు కట్టాం."
"వాపసిస్త," నడుముకున్న సంచి విప్పింది.

కొంచెంసేపటికి, ఎవరూ అడక్కుండానే అంది:
"మునుపు గిది కూసిననాడు పనికి పోకపోతుంటిమి,
కీడని.
గట్ల ఎన్నిమార్లు బతికినమో.
ఒక్కనాడు ఇనలె."
చేతిని కొంగులో దాచుకుంది.

"రెండు నెల్లు రాకుండ్రి.
పిల్లలెగిరినంక ఫోన్ చేస్త."

రెండు నెలలు ఆమె ఏం తింటుందో
పదకొండు మందిలో ఎవరికి ముందు తట్టిందో తెలీదు.
మేష్టారు మూడు వందలు తీశాడు.
"ఊకె పైసలు నేను తీసుకోను సారూ."
"ఊరికే కాదు. వచ్చే నెల రానందుకు."
సాయమ్మ ఆ నోట్ల వంక
కొత్తరకం రాయిని చూసినట్టు చూసింది,
ఎక్కడ ఉలి పెట్టాలో తెలియక.
తర్వాత చీటీ చింపి ఇచ్చింది.
ఏడుగురం కొన్నాం.

బూట్లాయన కొనలేదు.
దిగేటప్పుడు మాత్రం
రెండు బూట్లూ విప్పి చేతిలో పట్టుకున్నాడు,
గులకరాళ్లు గుచ్చుకుంటున్నా.

ఇవాళ ఆదివారం.
ఆరుంబావుకి బాల్కనీలో నిలబడ్డాను.
ఇక్కడి నుంచి గుట్ట అరచేయంత.
దాని మీద ఎవరూ లేరు.
నేనూ లేను.
చీటీ నా జేబులోనే ఉంది.